కుక్కనెవరు చూస్తారు?

"నీకేం, ఒక్కదానివి. బ్యాగు సర్దుకుని వచ్చేయ్" అన్నాడు అన్నయ్య ఫోన్లో. పోయిన డిసెంబర్లో ఖమ్మంలో అమ్మకి రెండు మోకాళ్ళకీ ఆపరేషన్. కనీసం ఇరవై రోజులు పక్కన మనిషి ఉండాలి. వదినకి పిల్లాడి ఇంటర్ ప్రీ-ఫైనల్స్, అన్నయ్యకి ఆఫీసు, చెల్లెలు అమెరికాలో. మిగిలింది నేను. ముప్ఫై ఆరేళ్ళు, పెళ్ళి లేదు, తార్నాకలో రెండు గదుల అద్దె ఫ్లాటు, యూనివర్సిటీలో ఏడాదికేడాది పొడిగించే ప్రాజెక్టు ఉద్యోగం. "వస్తాను గానీ, కుక్కనెవరు చూస్తారు?" అన్నాను. అటువైపు కాసేపు నిశ్శబ్దం. తర్వాత నవ్వు.

అన్నయ్య చెడ్డవాడేం కాదు. కానీ పిల్లాడి పరీక్షలంటే ఎవరూ నవ్వలేదు, ఆఫీసంటే నవ్వలేదు. నా ఇంట్లో నన్ను నమ్ముకున్న ప్రాణి ఒకటి ఉందంటేనే నవ్వొచ్చింది. మన కుటుంబాల లెక్కలో పెళ్ళికాని ఆడదానికి ఇల్లుండదు, బస ఉంటుంది. ఆమె బాధ్యతలు బాధ్యతలు కావు, కాలక్షేపం. ఆమె అందరిళ్ళకీ అక్కరకొచ్చే అదనపు చెయ్యి. అమ్మ దగ్గరికి వెళ్ళడం నాకు బరువని కాదు, వెళ్ళాను, మళ్ళీ వెళ్తాను. నేను అడిగిన ప్రశ్నని ప్రశ్నగా ఎవరూ తీసుకోకపోవడం గురించే నా గొడవ.

మా క్యాంపస్ క్వార్టర్స్‌లో ఒక ప్రొఫెసర్ గారికి లాబ్రడార్ ఉంది. ఆయన సెమినార్లకని ఢిల్లీ వెళ్ళారు, యూరప్ వెళ్ళారు, ఒకసారి మూడు నెలల ఫెలోషిప్ మీద వెళ్ళారు. కుక్కనెవరు చూస్తారని ఆయన్ని ఎవరూ అడగలేదు. మేడం ఉన్నారు కదా! ఉదయం ఆరింటికి గొలుసు పట్టుకుని ఇంజనీరింగ్ కాలేజీ రోడ్డు మీద ఆ కుక్క లాక్కెళ్ళినట్టల్లా వెళ్ళే ఆ మేడంని చూస్తుంటే నాకొకటి అర్థమైంది. ఇంట్లో భార్య లేని ఇంటికే డాగ్ బోర్డింగ్ కావాలి. ఆ ప్రకటనలు చూడండి: 'మీ ఇంట్లోలాగే', 'అమ్మలా చూసుకుంటాం'. నాన్నలా చూసుకుంటామని రాసిన బోర్డు నాకింతవరకూ కనబడలేదు. ఇళ్ళల్లో ఊరికే జరిగిపోయే చాకిరీకి బయట రేటు కట్టి అమ్ముతున్నారు. రేటు కట్టడం నాకు అభ్యంతరం కాదు. ఆ రేటు ఎవరి చేతికి చేరుతుందన్నదే విషయం.

నా కుక్క పేరు సరమ. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి హాస్టళ్ళు ఖాళీ చేయించినప్పుడు, మెస్‌ల దగ్గర మిగిలింది తిని బతికే క్యాంపస్ కుక్కలు ఎండిపోయాయి. ఆర్ట్స్ కాలేజీ మెట్ల దగ్గర దొరికిన మూడు నెలల పిల్ల ఇది. పేరు నన్నయ దగ్గర్నించి తీసుకున్నాను. ఆదిపర్వం మొదటి ఆశ్వాసంలోనే ఒక తల్లికుక్క ఉంది. జనమేజయుడు యాగం చేస్తుంటే అక్కడికి వెళ్ళిన దాని పిల్లని రాజుగారి తమ్ముళ్ళు కొడతారు. పిల్ల ఏడుస్తూ తల్లి దగ్గరికి పోతుంది. దేవతల కుక్క అయిన సరమ నేరుగా రాజు దగ్గరికి వచ్చి, తప్పుచేయని నా బిడ్డనెందుకు కొట్టారని అడిగి, అనుకోని ఆపదలు వస్తాయని చెప్పి వెళ్ళిపోతుంది. ఎమ్మే క్లాసులో ఈ ఘట్టాన్ని రెండు నిమిషాల్లో దాటేశాం. కుక్క అనగానే అందరికీ గుర్తొచ్చేది ధర్మరాజు వెంట నడిచిన కుక్కే. అది ఏమీ అడగదు కాబట్టి. చివరికది కుక్క కూడా కాదు, యమధర్మరాజు. ఆ దారిలోనే అందరికంటే ముందు ద్రౌపది పడిపోతే, ఆమె తప్పేమిటో చెప్పి ఆగకుండా నడిచినవాడు, కుక్క కోసం స్వర్గం వద్దన్నాడు. 'చూశారా, ఆడదానికంటే కుక్క నయం' అని ఒక సభలో ఎవరో అంటే చప్పట్లు కొట్టాం. ఇప్పుడైతే కొట్టను. ద్రౌపది కోసం ఆగకపోవడానికి కారణం కుక్క కాదు. విశ్వాసం అనే మాటని భార్యకీ కుక్కకీ ఒక్కలాగే వాడే సంస్కృతిలో, ఆ ఇద్దరినీ పోటీకి పెట్టడం వల్ల లాభం ఎవరికో ఆలోచించాలి.

సరే, బోర్డింగ్ విషయం. రెండేళ్ళ కిందట ఆరు రోజుల సెమినార్ కోసం సరమని ఊరి చివర ఒక చోట వదిలాను. ఏసీ గది, ఈతకొలను, పొద్దున్నే ఫోనుకి వీడియో. తిరిగొచ్చేసరికి గొంతు బొంగురుపోయింది, చెవుల నిండా గోమార్లు. పది రోజుల తర్వాత జ్వరం, రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు పడిపోయాయి. గోమార్ల వల్ల వచ్చే ఎర్లికియా అన్నారు డాక్టరు. నాలుగు వారాలు డాక్సీసైక్లిన్. నేను కోపంతో వెళ్ళి అక్కడున్న కుర్రాణ్ణి నానా మాటలూ అన్నాను. ఒడియా యాసలో హిందీ మాట్లాడే పందొమ్మిది, ఇరవై ఏళ్ళ పిల్లాడు. బోనుల మధ్యే మడతమంచం వేసుకుని పడుకుంటున్నాడు. రాత్రిపూట ముప్ఫై కుక్కలకి అతనొక్కడే. అతను నా మాటలన్నీ విని, "ఆమె రాత్రంతా తలుపు దగ్గరే కూర్చుని అరిచేది, నేనే పక్కన కూర్చున్నాను దీదీ" అన్నాడు. జీతమెంతని నేనడగలేదు. యజమానిని ఏమీ అనలేదు, ఆయన అక్కడ లేడు. సాహిత్యంలో శ్రమ మీద సిద్ధాంత వ్యాసం రాసి డాక్టరేట్ తెచ్చుకున్నదాన్ని!

కాబట్టి ఈసారి ఫోన్లు చేసినప్పుడు ఈతకొలను సంగతి అడగలేదు. టీకాల పుస్తకం చూడకుండా కుక్కల్ని చేర్చుకుంటారా? రేబిస్ టీకాతోపాటు డిస్టెంపర్, పార్వోల టీకా, కెన్నెల్ దగ్గుకి వేసేది కూడా అడుగుతారా? చేర్చుకునేముందు గోమార్ల మందు వేస్తారా? రాత్రి మనిషి ఎంతమంది కుక్కలకి ఒకడు? అతనికి వారంలో సెలవుందా? చివరి రెండు ప్రశ్నలకీ ప్రతిచోటా ఒకే జవాబు: "అవన్నీ మీకెందుకు మేడం?" రెండు చోట్ల దేశీ కుక్క అనగానే వద్దన్నారు, మిగతా కస్టమర్లు ఒప్పుకోరట. ఒకచోట "ఆపరేషన్ అయిందా?" అని మొదటి ప్రశ్న. మన ఊళ్ళలో ఇద్దరు పిల్లలు పుట్టిన ప్రతి ఆడమనిషినీ ఆశా వర్కరు నుంచి అత్తగారి దాకా అందరూ అడిగే మాట అచ్చం ఇదే, ఇదే గొంతుతో. (అయిందని చెప్పాను, 2021లో.)

2017లో కేంద్ర ప్రభుత్వం కుక్కల పెంపకం, అమ్మకాల మీద నిబంధనలు తెచ్చింది. అందులో బోర్డింగ్ నడిపేవాళ్ళని 'బ్రీడర్' అన్న నిర్వచనంలోనే కలిపేశారు. అంటే చట్టం ఈ పనిని గుర్తించినప్పుడు కూడా జాతికుక్కల వ్యాపారంలో భాగంగానే గుర్తించింది. బోను ఎంతుండాలన్నది ఆలోచించే నిబంధన, దాన్ని కడిగే మనిషి ఎక్కడ పడుకోవాలో ఆలోచించదు.

చివరికి నేను వెళ్ళింది మా అపార్ట్‌మెంట్ మెట్లు ఊడ్చే అక్క దగ్గరికి. మాణికేశ్వర్ నగర్ నుంచి పొద్దున్నే నడిచి వస్తుంది. నేనామెని అక్కా అంటాను, ఆమె నన్ను మేడం అంటుంది. ఇద్దరం ఆడవాళ్ళమే అని చెప్పుకోవడానికి ఈ అక్కా అన్న పిలుపు నాకెంత సౌకర్యంగా ఉంటుందో! సరమకి ఆమె అంటే ప్రాణం. "నువ్వు పోయిరా మేడం, అమ్మను మంచిగ జూసుకో. నేను జూస్తగా" అంది. అమ్మయ్య అనుకుని, "ఇరవై రోజులకీ కలిపి రెండు వేలు ఇస్తానక్కా" అన్నాను. ఆమె చీపురు గోడకానించింది.

"గా హాస్టల్‌కైతే ఎంతిస్తుంటివి మేడం?"

అబద్ధం చెప్పబోయి ఆగాను. రోజుకి 800 అన్నాను.

"ఆడ ఎనిమిది నూర్లు, ఈడ నూరు. కుక్క గదే గదా మేడం."

అదే కుక్క. ఎమ్మే పిల్లలకి 'ఇంటిపనికి వేతనం' ఉద్యమం గురించి నేను పాఠం చెప్పాను. 1972 నాటి చర్చలు, 1975లో సిల్వియా ఫెదరీచి రాసిన వ్యాసం, అన్నీ. ఇంటిపనివారి హక్కుల మీద ఐఎల్ఓ 2011లో తెచ్చిన 189వ ఒప్పందాన్ని ఇన్నేళ్ళయినా మన దేశం ధ్రువీకరించలేదని ఆవేశపడ్డాను కూడా. తీరా నా గుమ్మంలో బేరం వచ్చేసరికి, 16,000 కంపెనీకైతే కిమ్మనకుండా కట్టేదాన్ని, మనిషికి 2,000 చాలనుకున్నాను. ఎందుకు? ఆమెకి కుక్కంటే ఇష్టం కాబట్టి. ప్రేమ ఉన్నచోట డబ్బు తక్కువైనా పర్వాలేదన్నది, మన అమ్మల దగ్గర్నించి అంగన్‌వాడీ టీచర్ల దాకా అందరి మీదా ప్రయోగించిన వాదనే. ఆ వాదనకి నేనెప్పుడూ ఇటువైపు ఉన్నాననుకున్నాను.

రోజుకి 400 దగ్గర తేలింది. సగం. ఫ్లాటు నాది, కరెంటు నాది, వాళ్ళకైతే అద్దెలుంటాయి అని మనసులో లెక్క చెప్పుకున్నాను. చెప్పుకోవలసి వచ్చిందంటేనే లెక్క సరిగ్గా లేదన్నమాట.

వర్జీనియా వుల్ఫ్ 1933లో ఎలిజబెత్ బారెట్ కుక్క మీద 'ఫ్లష్' అని ఒక పుస్తకం రాసింది. 1846లో లండన్ దొంగలు కుక్కని ఎత్తుకుపోయి డబ్బడిగితే, ఇవ్వొద్దని తండ్రీ కాబోయే భర్తా అంటున్నా వినకుండా, జబ్బుమనిషైన కవయిత్రి బండెక్కి మురికివాడకి వెళ్తుంది. ఆ ధైర్యాన్ని మనం మెచ్చుకుంటాం. ఆ బండిలో భయపడుతూ పక్కన కూర్చున్న పనిమనిషి విల్సన్ కూడా ఉంది. ఆమె జీవితానికి వుల్ఫ్ చోటిచ్చింది పుస్తకం చివర్లో, ఒక పొడవాటి నోట్‌లో. కథ లోపల కుక్కకి దొరికిన చోటు ఆమెకి దొరకలేదు. వుల్ఫ్‌ని తప్పుపట్టే అర్హత నాకు లేదు, నా సిద్ధాంత వ్యాసంలో అయితే నోట్ కూడా లేదు.

రాత్రుళ్ళు సరమ ఒక్కతే ఉండలేదు. అందుకని అక్క కూతురు నా ఫ్లాట్లో పడుకుంది. డిగ్రీ రెండో సంవత్సరం, అప్పుడే సెమిస్టర్ పరీక్షలు. వాళ్ళింట్లో ఒక గదిలో ఐదుగురు. నేను ఖమ్మం వెళ్ళిన నాలుగో రోజు అసోసియేషన్ సెక్రటరీ గారు ఫోన్ చేశారు. కుక్క గురించేమో అనుకున్నాను. 2015లోనే జంతు సంక్షేమ బోర్డు ఇచ్చిన మార్గదర్శకాలు, పెంపుడు కుక్కల్ని అపార్ట్‌మెంట్లు నిషేధించకూడదన్నవి, చేతిలో పెట్టుకునే మాట్లాడాను. ఆయన బాధ అది కాదు. "మీ ఫ్లాట్లో ఎవరో పనివాళ్ళ అమ్మాయి ఉంటోందట కదా మేడం. లిఫ్టులో పైకెళ్తోందంటున్నారు." కుక్కకి లిఫ్టు ఉంది, ఆ పిల్లకి లేదు. చాలాసేపు అరిచాను. మోకాళ్ళకి కట్లతో మంచం మీదున్న అమ్మ, ఏమైందే అని కంగారుపడింది.

ఇది చదివి కొందరు మిత్రులు అంటారు, నాకు తెలుసు: మనుషుల పిల్లలకే దిక్కులేదు, నీకు కుక్క గొడవా? ఆ మాటని నేను తేలిగ్గా తీసుకోను. 2023 ఫిబ్రవరి 19న మా క్యాంపస్ పక్కనే అంబర్‌పేటలో ఒక పసివాణ్ణి వీధికుక్కలు కరిచి చంపేశాయి. ఆ వీడియో చూసినవాళ్ళెవరూ మర్చిపోరు. అప్పుడు జరిగిన చర్చంతా కుక్కల గురించే, కుక్కల్ని ప్రేమించేవాళ్ళ గురించే. ఆ బిడ్డ ఆదివారం పూట తండ్రి పనిచేసే కార్ల సర్వీసింగ్ సెంటర్లో ఎందుకున్నాడని అడిగినవాళ్ళు తక్కువ. తండ్రి అక్కడ వాచ్‌మన్. పనికి పోయే పేదవాళ్ళ పిల్లల్ని ఎవరు చూస్తారన్న ప్రశ్న, నా నోట నవ్వులాటగా వినబడ్డ ప్రశ్నా ఒకే బరువు కాదు. కానీ రెంటికీ జవాబు చెప్పనిది ఒకటే సమాజం.

2025 నవంబర్ 7న సుప్రీంకోర్టు విద్యాసంస్థలు, ఆస్పత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల నుంచి వీధికుక్కల్ని తీసేసి షెల్టర్లలో పెట్టాలంది. ఆపరేషన్లూ టీకాలూ అయ్యాక కూడా తిరిగి అక్కడే వదలకూడదంది. పిల్లల భద్రత కోసమే ఆ మాట అన్నారు, కాదనను. కానీ షెల్టరంటే ఏమిటి? తీసుకెళ్ళడానికి ఎవరూ రాని బోర్డింగే కదా! అక్కడ రాత్రిపూట మడతమంచం వేసుకునేది ఎవరు, ఎన్ని వందల కుక్కలకి ఒకరు, ఎంత జీతానికి? క్యాంపస్‌లో ఇన్నాళ్ళూ వీటికి అన్నం పెట్టింది హాస్టల్ మెస్‌లలో గిన్నెలు తోమే ఆడవాళ్ళు. ఏ కుక్క కరుస్తుందో, ఏది ఈనిందో, దేనికి జబ్బు చేసిందో వాళ్ళకి తెలిసినంత ఎవరికీ తెలియదు. మా దగ్గర దీని మీద జరిగిన ఏ మీటింగుకీ వాళ్ళని పిలిచినట్టు నేను చూడలేదు.

నేను తిరిగొచ్చిన రోజు సరమ తోకాడిస్తూ వచ్చి వాసన చూసి, మళ్ళీ వెళ్ళి ఆ అమ్మాయి పాదాల దగ్గర పడుకుంది. కొంచెం కష్టంగానే అనిపించింది. నా రాతబల్ల మీద ఆమె స్టాటిస్టిక్స్ పుస్తకాలు, నా చదువు లైటు. పుస్తకాలు సంచిలో సర్దుకుంటూ, "మేడం, మళ్ళ ఎప్పుడు వోతరు?" అంది.

జూన్‌లో నెల రోజులు తాళపత్రాల పని మీద చెన్నై వెళ్ళాలి. రేటు ఈసారి తను చెప్తానంది అక్క.