నీళ్ళొచ్చాయి, లెక్క రాలేదు

పోయిన నెల మా ఫ్లాట్ల వాళ్ళ మీటింగుకి వెళ్ళాను. కార్లు ఎక్కడ పెట్టుకోవాలన్న విషయం మీద ఇద్దరు మగవాళ్ళు ముప్పావుగంట సేపు కేకలేసుకున్నారు. ఒకాయన కుర్చీని తన్నాడు కూడా. దానికి "వాడివేడి చర్చ" అని పేరు పెట్టారు. ఆ తర్వాత మూడో అంతస్తు ఆవిడ లేచింది. బోరు మోటారు బాగుచేయించడానికి ఇంటికి రెండేసి వేలు వసూలు చేశారు కదా, ఆ లెక్కేదీ అని అడిగింది. మూడుసార్లు అడిగింది. మూడోసారి గొంతు కాస్త పెరిగింది, నిజమే. వెంటనే సెక్రటరీగారు ఎంతో మర్యాదగా, "మేడమ్ హిస్టీరికల్ అవుతున్నారు, ఎవరైనా కాసిని మంచినీళ్ళివ్వండి" అన్నారు. నీళ్ళొచ్చాయి. లెక్క రాలేదు.

అప్పట్నుంచీ ఆ మాట నా చెవిలో జోరీగలా తిరుగుతోంది.

దాని పుట్టుక తెలిస్తే మీకూ ఒళ్ళు మండుతుంది. గ్రీకు భాషలో హిస్టెరా అంటే గర్భసంచి. అది ఉన్నచోట ఉండక ఒళ్ళంతా తిరుగుతుందనీ, పైకి ఎగబాకితే ఆడదానికి ఊపిరాడదనీ పూర్వం గ్రీకు వైద్యులు కొందరు నమ్మారు. దాన్ని కిందికి దింపడానికి ముక్కు దగ్గర కంపు కొట్టే వస్తువులు పెట్టేవారట. (కళ్ళు తిరిగి పడిన కోడలి ముక్కు దగ్గర ఉల్లిపాయ పెట్టిన అత్తగార్లు మనకీ లేకపోలేదు.) హిపోక్రటీసు పేరుతో ఉన్న గ్రంథాల్లో ఒకదానిలో, బాధపడే కన్నెపిల్లలకి త్వరగా పెళ్ళి చెయ్యమని సలహా కూడా ఉంది.

చదివి నవ్వబోయాను గానీ నవ్వు రాలేదు. మా బంధువుల్లో ఒక పెద్దావిడకి పదహారో ఏట తరచు స్పృహ తప్పేదిట. హిస్టీరియా అన్నారు. పెళ్ళయితే అదే సర్దుకుంటుందన్నారు. చేశారు. సర్దుకోలేదు. నలభయ్యో ఏట ఎవరో ఓపికున్న డాక్టరు పరీక్షలు చేయించి, మూర్ఛరోగమని తేల్చి మాత్రలిస్తే తగ్గింది. ఇరవైనాలుగేళ్ళపాటు ఆవిడ పని తప్పించుకోవడానికి నటిస్తోందనే అత్తవారంతా అనుకున్నారు.

మరి మగవాళ్ళకి రాదా ఆ జబ్బు? పారిస్‌లో షార్కో అనే మహావైద్యుడు మగ రోగుల్ని చూపించి మరీ వస్తుందని చెప్పాడు. ఆయన దగ్గర చదువుకొచ్చిన ఫ్రాయిడు 1886లో వియన్నా డాక్టర్ల సభలో అదే మాటంటే, గర్భసంచే లేని మగాడికి అదెలా వస్తుందని ఒక ముసలి సర్జను కసురుకున్నాడట. ఫ్రాయిడే రాసుకున్నాడు. చివరికి 1980లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తమ జబ్బుల పట్టికలోంచి హిస్టీరియా పేరే తీసేసింది. డాక్టర్లు వదిలేసిన మాటని సెక్రటరీలు పట్టుకున్నారన్నమాట!

ఈ మధ్య దానికింకో అర్థం కూడా ఉంది. మా అక్క కూతురు ఫోన్ చేసి, "సినిమా హిస్టీరికల్‌గా ఉంది పిన్నీ" అంది. పడీపడీ నవ్విందిట. ఆడదాని ఊపిరాడనితనం దగ్గర మొదలైన మాట ఎక్కడికి చేరిందో చూడండి.

మన తెలుగేమన్నా తక్కువ తిందా అంటారేమో. లేదు. గయ్యాళి అన్న మాటకి మగ జోడీ ఏదీ? నేనైతే వెతికి విసిగిపోయాను. అయినా శివాలెత్తింది, పూనకమొచ్చింది అన్నప్పుడు వెనక ఒక దేవుడైనా ఉన్నాడు. ఆ మాటలు మగవాళ్ళకీ వాడతాం. గయ్యాళి అన్నవాడు కూడా కనీసం ఆవిడ మాట విన్నాడు, నచ్చక తిట్టాడు. హిస్టీరికల్ అన్నవాడు వినడు. ప్రశ్నకైతే జవాబు చెప్పాలి. జబ్బుకి గ్లాసుడు నీళ్ళు చాలు.

ఆడవాళ్ళు ఎప్పుడూ అదుపు తప్పరని నేననడం లేదు. పాలు పొంగిపోయినందుకే ఇల్లెగిరిపోయేలా అరిచిన రోజులు నాకున్నాయి. కానీ రెండు వేల రూపాయలు రెండు వేలే కదా, మెల్లగా అడిగినా, అరిచి అడిగినా?

వచ్చే ఆదివారం మళ్ళీ మీటింగు. మూడో అంతస్తు ఆవిడా నేనూ కలిసే వెడుతున్నాం. మంచినీళ్ళ సీసా మాత్రం ఇంటినుంచే తెచ్చుకుంటామని సెక్రటరీగారికి ముందే కబురు చేశాం.