మా దగ్గర భద్రంగా ఉందిలే!

సత్తుపల్లిలో ఒక పుస్తకావిష్కరణ సభకి వెళ్లాను. యూరప్ తిరిగొచ్చిన ఒక పెద్దాయన రాసుకున్న యాత్రానుభవాల పుస్తకం అది. లండన్, పారిస్ మ్యూజియంల గురించి ఆయన చాలాసేపు మాట్లాడారు. చివరికి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న మన అమరావతి శిల్పాల దగ్గరికొచ్చి, "తెల్లవాళ్లు తీసుకుపోబట్టి బతికాయండీ, మన దగ్గరుంటే ఈపాటికి సున్నమైపోయేవి" అన్నారు. సభ చప్పట్లు కొట్టింది. వెంటనే ఒక యువకవి లేచి, "అది మన జాతి సొత్తు. దోచుకుపోయినవాడికి దణ్ణం పెట్టమంటారా?" అని ఆవేశపడ్డాడు. దానికీ చప్పట్లే. వేదిక మీద ఏడుగురు, ఏడుగురూ మగవాళ్లే. ఆ రాళ్లని చెక్కించి ఇచ్చిన వాళ్లలో ఎంతోమంది ఆడవాళ్లున్నారన్న సంగతి ఆ ఏడుగురిలో ఒక్కరికీ గుర్తు రాలేదు. నేనన్నా లేచి చెప్పాల్సింది. వేంసూరు ఆఖరి బస్సు పోతుందని వచ్చేశాను. ఆ రోజు చెప్పలేకపోయింది ఇప్పుడు రాస్తున్నాను.

ఆ రాళ్లని నేనూ చూశాను. కాకపోతే నాది యాత్ర కాదు. మా అమ్మాయి పురుటికి లండన్ వెళ్లాను. మన పల్లెల నుంచి ఇట్లా వెళ్తున్న తల్లులు ఇప్పుడు ఇంటికొకరు. పథ్యం వండటం, పసిదానికి నలుగుపెట్టి నీళ్లు పోయటం, రాత్రిళ్లు జాగారం చేయటం, గడువు కాగానే సూట్‌కేసు సర్దుకుని తిరిగి రావటం. దీన్నెవరూ విదేశీయాత్ర అనరు. మేమూ పుస్తకాలు రాయం. మూడో నెలలో అల్లుడు ఇంట్లో ఉన్న ఒక శనివారం, "టిక్కెట్టు కూడా లేదమ్మా, పోయి చూసి రా" అని అమ్మాయి నన్ను బలవంతాన మ్యూజియంకి పంపింది. అట్లా రెండు శనివారాలు దొరికాయి. ఒకటి నేషనల్ గ్యాలరీకి, రెండోది బ్రిటిష్ మ్యూజియంకి.

నేషనల్ గ్యాలరీలో గదుల నిండా ఆడవాళ్లే. గోడల మీద, బట్టల్లేకుండా. గీసినవాళ్లు మాత్రం మగవాళ్లు. గెరిల్లా గర్ల్స్ అనే అమెరికా స్త్రీవాద బృందం 1989లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం గురించి ఒక పోస్టరు వేసింది. ఆధునిక కళా విభాగంలో కళాకారిణులు 5 శాతం కూడా లేరు, నగ్నచిత్రాల్లో మాత్రం 85 శాతం ఆడవాళ్లే, లోపలికి రావాలంటే ఆడది బట్టలు విప్పాల్సిందేనా అని. లండన్ సంగతీ అంతే. ఆర్టిమీసియా జెంటిలెస్కీ తనని తాను సెయింట్ కేథరిన్‌గా గీసుకున్న చిత్రాన్ని 2018లో ఈ గ్యాలరీ 36 లక్షల పౌండ్లు పెట్టి కొన్నప్పుడు, 2,300 పైచిలుకు చిత్రాల్లో ఆడవాళ్లవి సుమారు ఇరవై. ఆర్టిమీసియా ఎవరు? అత్యాచారానికి గురై, 1612లో జరిగిన విచారణలో ఆమె చెప్పేది నిజమో కాదో తేల్చటానికి వేళ్లకి తాళ్లు బిగించి హింసపెడితే, అయినా మాట మార్చని మనిషి. ఆమె చిత్రం ముందు నేను చాలాసేపు నిలబడ్డాను.

అక్కడే వెలాస్క్వెజ్ గీసిన వీనస్ ఉంది. అటు తిరిగి పడుకుని అద్దం చూసుకుంటుంటుంది. 1914 మార్చి 10న మేరీ రిచర్డ్‌సన్ అనే ఓటుహక్కు ఉద్యమకారిణి కత్తితో ఆ బొమ్మని గాట్లు పెట్టింది. తమ నాయకురాలు ఎమ్మెలిన్ పాంక్‌హర్స్ట్‌ని అరెస్టు చేసినందుకు అది నిరసన. బొమ్మని చింపటం తప్పా ఒప్పా అని నేనిప్పుడు తీర్పు చెప్పబోవటం లేదు. తర్వాత జరిగింది చూడండి. అదే ఏడాది బ్రిటిష్ మ్యూజియం ఒక నియమం పెట్టింది. ఆడవాళ్లు లోపలికి రావాలంటే వాళ్ల మంచి నడవడికి పూచీపడే మగవాడు పక్కన ఉండాలి, లేదా ఎవరో ఒకరి దగ్గర్నుంచి సిఫారసు ఉత్తరం తెచ్చుకోవాలి. ఎందుకంటే? కళని కాపాడాలి కదా! గోడ మీది ఆడదాన్ని కాపాడటం కోసం గుమ్మంలో ఆడదాన్ని ఆపారు.

"కాపాడటం" అనే మాటని ఇక్కడ గుర్తుపెట్టుకోండి. నా పేచీ అంతా ఆ మాటతోనే.

తర్వాతి శనివారం బ్రిటిష్ మ్యూజియంలో అడుక్కుంటూ అడుక్కుంటూ 33ఎ గదికి చేరాను. అద్దాల వెనక అమరావతి. నూటికి పైగా శిల్పాలు ఆ మ్యూజియం దగ్గర ఉన్నాయి. ఒక పలక మీద మాయాదేవి కల, ఆ కలకి అర్థం చెప్పటం, బుద్ధుడి పుట్టుక, బిడ్డని గుడికి తీసుకెళ్లటం, నాలుగూ నాలుగు దృశ్యాలుగా చెక్కి ఉన్నాయి. మాయాదేవి చెట్టు కింద నిలబడే కన్నది. పక్కన దేవతలు పట్టుకున్న బట్ట మీద బిడ్డ లేడు, చిన్ని పాదాల గుర్తులు మాత్రం ఉన్నాయి. కూతురి పురుటికొచ్చిన నేను ఆ బాలింత ముందు నిలబడి ఏడ్చానంటే మీరు నవ్వుకోవచ్చు. మా వైపు పొలాల్లో దొరికే రాయిలాంటి రాయి. ఆ ఆడవాళ్ల నడుములు, కడియాలు, జడలు నాకు పరాయివిగా అనిపించలేదు.

వాటిని "మార్బుల్స్" అంటారు గానీ పాలరాయి కాదు, పల్నాటి సున్నపురాయి. చాలాకాలం వాటిని "ఎలియట్ మార్బుల్స్" అని పిలిచారు. వాల్టర్ ఎలియట్ మద్రాసు సివిల్ సర్వీసు అధికారి. 1845లో తవ్వించి మద్రాసు పంపాడు. 1859లో ఓడెక్కి లండన్ చేరాయి. ఇప్పుడా గదికి, డబ్బిచ్చిన జపాన్ పత్రిక ఆసాహి షింబున్ పేరు ఉంది. తవ్వినవాడి పేరు రాళ్లకి, డబ్బిచ్చినవాళ్ల పేరు గదికి. మరి రాళ్లు ఇచ్చినవాళ్ల పేర్లు?

అవి ఎక్కడో పోలేదు. రాళ్ల మీదే ఉన్నాయి. ప్రాకృతంలో, బ్రాహ్మీ లిపిలో. అమరావతి మహాచైత్యం ఏ ఒక్క రాజో కట్టించింది కాదు. గృహస్థులు, వర్తకులు, భిక్షువులు, భిక్షుణులు ఒక్కో పలక, ఒక్కో స్తంభం ఇచ్చుకుంటూ పోతే లేచింది. విధికుడనే చర్మకారుడు తల్లిని, భార్యని, అన్నదమ్ముల్ని, కొడుకుని, కూతుళ్లని కలుపుకుని పూర్ణఘటం చెక్కిన పలక ఇచ్చాడు. రెండు వేల ఏళ్ల నాటి చర్మకారుడి దానశాసనంలో కూతుళ్లకి చోటుంది! భిక్షుణులు తమ పేరున తామే ఇచ్చారు. ఇల్లాళ్లు ఇచ్చారు. తర్వాత అదే కృష్ణ ఒడ్డున నాగార్జునకొండలో, ఇక్ష్వాకు రాజు శాంతమూలుడు అశ్వమేధం చేశానని చెప్పుకుంటే, ఆయన చెల్లెలు శాంతిసిరి మహాచైత్యాన్ని కట్టించింది. రాజకుటుంబం కాని బోధిసిరి అనే ఉపాసిక చైత్యగృహాలు కట్టించి తన దానాలన్నీ శాసనంలో చెక్కించింది. ఇవ్వాలంటే చేతిలో ఉండాలి కదా. ఆ ఆడవాళ్ల చేతిలో ఆస్తి ఉంది, దాన్ని ఎవరికివ్వాలో నిర్ణయించే నోరూ ఉంది.

ఇక "కాపాడారు" అనే వాదానికి వద్దాం. నిజం దాచను. 1790ల్లో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిలో కొత్త ఊరు కట్టేటప్పుడు మనవాళ్లే ఆ దిబ్బ తవ్వారు, పలకలు పీక్కుపోయారు, సున్నం కాల్చారు. కర్నల్ మెకంజీ 1797లో చూసి, 1816లో తిరిగొచ్చేసరికి స్తూపం నడుమ చెరువు గుంట ఉంది. అది మన సిగ్గు. మరి కాపాడినవాళ్లేం చేశారు? ఎలియట్ పంపిన రాళ్లు మద్రాసులో పద్నాలుగేళ్లు ఎండకీ వానకీ పడి ఉన్నాయి. లండన్ చేరాక బండ్ల షెడ్డులో పడి ఉంటే 1867 ప్రాంతంలో ఫెర్గూసన్ గుర్తించాడు. బ్రిటిష్ మ్యూజియంకి 1880లో వచ్చాయి. 1992లో ఈ గది తెరిచేముందు చాలా ఏళ్లు జనం కంటపడకుండా నేలమాళిగలోనే ఉన్నాయి. ఇక్కడ 1880లో మద్రాసు గవర్నరు డ్యూక్ ఆఫ్ బకింగ్‌హామ్ హుకుం మీద స్తూపం మిగిలిన భాగం మొత్తం తవ్వేశారు. ఆ తర్వాత వచ్చిన పురావస్తు అధికారి బర్జెస్‌కి కనపడింది పెద్ద గొయ్యి. జమీందారు మొదలుపెట్టింది దొరలు పూర్తిచేశారు. కాపలాకాసినవాళ్లకీ కూలగొట్టినవాళ్లకీ మధ్య మన పెద్దాయన చెప్పినంత దూరం లేదు.

సరే, కాపాడారనే అనుకుందాం. కాపాడితే సొంతమవుతుందా?

ఈ ప్రశ్న నాకు మ్యూజియంలో పుట్టింది కాదు. మా వేంసూరు మామిడితోటలో పుట్టింది. నాకిద్దరు అన్నలు. 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకొచ్చిన సవరణతో మన రాష్ట్రంలో అప్పటికి పెళ్లికాని ఆడపిల్లలకి పిత్రార్జితంలో కొడుకులతో సమానంగా వాటా వచ్చింది. 2005లో దేశమంతటికీ కూతుళ్ల హక్కు చట్టమైంది. నా పెళ్లి 1990లో. నాన్న పోయాక నా వాటా సంగతి ఎత్తితే పెద్దన్నయ్య నవ్వి, "ఎక్కడికి పోద్దమ్మా, మా దగ్గర భద్రంగా ఉందిలే" అన్నాడు. మళ్లీ అడిగితే, "నీ చేతికిస్తే బావ అమ్మి తగలేస్తాడు, మేం కాబట్టి నిలబెట్టుకుంటూ వచ్చాం" అన్నాడు. మూడోసారి అడిగితే వదిన మాట్లాడటం మానేసింది. ఏటా ఎండాకాలంలో రెండు బుట్టల కాయలు పంపుతారు. తోటకెళ్తే మజ్జిగిస్తారు. నా తోటలోకి నేను చుట్టాన్నై వెళ్తాను.

33ఎ గదిలోకి నేను అట్లాగే వెళ్లాను. టిక్కెట్టు లేదు, ఎవరూ ఆపలేదు, చూసి రమ్మన్నారు. "మీ చేతికిస్తే సున్నం చేస్తారు, మేం కాబట్టి నిలబెట్టాం." పెద్దన్నయ్య మాట, పెద్దాయన మాట, మ్యూజియం మాట, మూడూ ఒకటే. తిరిగివ్వకుండా 1963 నాటి బ్రిటిష్ మ్యూజియం చట్టం అడ్డమొస్తుందంటారు. ఆ చట్టం చేసింది ఎవరు? వాళ్ల పార్లమెంటే. చట్టాలు మారవా? కూతురికి వాటా లేదన్న చట్టం 1985లో మారలేదా? అసాధ్యమేం కాదు. ప్రకాశం జిల్లా చందవరం బౌద్ధస్థలం నుంచి దొంగలెత్తుకుపోయిన శిల్పాన్ని ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీ 2005లో కొని, 2016లో భారత్‌కి తిరిగిచ్చింది. కొన్నామని, భద్రంగా దాచామని వాదించి కూర్చోలేదు.

ఆడవాళ్లకి రక్షణ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. చిన్నప్పుడు తండ్రి, పెళ్లయ్యాక మొగుడు, ముసలితనంలో కొడుకు కాపలా ఉండాలని మనువు కాలం నుంచీ మనకి చెబుతూనే ఉన్నారు. కాపలా కాసినవాడు కాపలాతో ఆగడు. తన ఇంటిపేరు పెడతాడు. అందుకే ఎలియట్ మార్బుల్స్ అన్న పేరు వినగానే నాకు ఆశ్చర్యం కలగలేదు. పుట్టింటి పేరు పోయి అత్తింటి పేరు మోస్తున్న ఆడదానికి అందులో ఆశ్చర్యమేముంది?

ఇక యువకవితో నా మాట. నాయనా, తిరిగి తెమ్మంటున్నావు, సంతోషం. నేనూ నీ వెంటే ఉంటాను. కానీ "జాతి సొత్తు" అన్నావే, ఆ జాతిలో ఇచ్చినవాళ్లు ఎవరు? మన ఖమ్మం జిల్లాలోనే నేలకొండపల్లిలో పెద్ద బౌద్ధస్తూపం ఉంది. నువ్వెప్పుడైనా వెళ్లావా? ఆ ఊరి గురించి ఎవర్నడిగినా భక్త రామదాసు పుట్టిన ఊరని చెబుతారు, విరాటరాజు కొలువని చెబుతారు. స్తూపం దగ్గరికి వెళ్లినవాళ్లు తక్కువ. సాలార్‌జంగ్ మ్యూజియంకి పిల్లల్ని ఎక్స్‌కర్షన్‌కి తీసుకెళ్లే టీచర్లం మేం కూడా, ముసుగేసుకున్న రెబెక్కా పాలరాతి బొమ్మ దగ్గర అరగంట నిలబెట్టి ముసుగు ఎంత సన్నగా చెక్కాడో చెబుతాం. శాంతిసిరి ఎవరో పాఠంలో ఒక ముక్క చెప్పం. రేపు అమరావతి రాళ్లు తిరిగొస్తే ఎవరి పేరు పెడతాం? తెప్పించిన మంత్రి పేరు శిలాఫలకం మీద పెద్దక్షరాల్లో ఉంటుంది. శాసనం మీది ఆడవాళ్ల పేర్లు మళ్లీ చదివేవాళ్లుండరు.

అందుకని నేనడిగేది ఇది. రాళ్లు లండన్‌లో ఉన్నంతకాలం అక్కడా, మద్రాసులో, అమరావతిలో, నాగార్జునకొండలో, నేలకొండపల్లిలో ఇక్కడా, ఏ రాయి మీద ఎవరి పేరుందో ఆ పేరు మొదట రాయాలి. తెలుగులో, పిల్లలు చదవగలిగేట్టు. తవ్వినవాళ్ల పేర్లు, మోసినవాళ్ల పేర్లు తర్వాత. ఇది దయ కాదు, హక్కుపత్రం. ఆ శాసనాలు దానపత్రాలు, వాటిని చదవకుండా ఆస్తి ఎవరిదని తగువులాడుకోవటం, మా తోట రికార్డులు చూడకుండా అన్నలిద్దరూ గట్ల గురించి కొట్టుకోవటం లాంటిది.

అడగటం ఇంటి నుంచే మొదలుపెట్టాను. లండన్ నుంచి వచ్చిన నెలకి వాటా పంచమని లాయరు నోటీసు పంపాను. ఈ ఏడు మామిడికాయలు రాలేదు. "ఇన్నేళ్లు కాపాడినందుకు మంచి బహుమానమిచ్చావు" అని చిన్నన్నయ్య ఎవరితోనో అన్నాడట. కాపాడినందుకు కృతజ్ఞతే అన్నయ్యా. కానీ తోట నాది కూడా.