స్వదేశి మద్యము

నాసిక్ నగరసమీపమున 1999లో స్థాపితమైన సులా ద్రాక్షామద్య కర్మాగారము నేడొక యాత్రాస్థలమైనది. 2005లో నచట రుచిశాలను తెరచిరి. సందర్శకులకు ఉక్కుతొట్లను, ఓకు కొయ్యపీపాలను జూపుదురు. తెల్లని మద్యమునకు రసమును మాత్రమే పులియబెట్టుదురనియు, ఎఱ్ఱనిదానికి తొక్కలతోకూడ పులియబెట్టుదురనియు బోధింతురు. పిమ్మట గాజుపాత్రలలో కొంచెము కొంచెముగా పోసి రుచి చూపింతురు.

విదేశపు సీసాకు మాఱు స్వదేశపు సీసా వచ్చినదని సంతసించువారు గలరు. ద్రాక్షరైతునకు లాభము గలుగుననుటయు నసత్యము గాదు. కాని స్వదేశిదీక్ష వస్త్రమునకు చెల్లినట్లు వ్యసనమునకు చెల్లునా? 2001లో మహారాష్ట్ర ప్రభుత్వ మీ పరిశ్రమకు ఎక్సైజు రాయితీల నొసగినది. మద్యనిషేధమునకు పాటుపడుట ప్రభుత్వధర్మమని రాజ్యాంగముయొక్క 47వ అధికరణము చెప్పుచున్నది. న్యాయస్థానము లమలుపరుపజాలని యాదేశమే యైనను, పరిపాలనకది మూలమని 37వ అధికరణము శాసించుచున్నది.

ఈ విషయమున నాంధ్రులకు చేదు అనుభవము గలదు. 1992లో నెల్లూరుజిల్లా దూబగుంట స్త్రీలు సారాయిపై తిరుగబడిరి. 1995లో సంపూర్ణనిషేధము వచ్చెను. రాబడి తగ్గినదని 1997లో ప్రభుత్వమే దానిని సడలించెను. కూలివాని సారాయి పాపమును, ధనికుని ద్రాక్షామద్యము నాగరికతయు నగునా? ఇంటి యిల్లాలి కన్నీటి కీ భేదము తెలియదు.

నాసిక్ ద్రాక్షపండ్లు ఐరోపాకు నెగుమతి యగుచున్నవి. ఎండుద్రాక్షకు దేశమంతట గిరాకి గలదు. రాయితీల నాదారి కిచ్చినచో రైతును బ్రదుకును, సంసారములును నిలుచును. ఖజానా నింపుకొనుటకు ప్రజలకు త్రాగుడు నేర్పుట స్వరాజ్యధర్మము గాదు.