41,000తో ఒక్క కొత్త ల్యాప్‌టాప్ కొంటారా, తొమ్మిది పాతవి బతికిస్తారా?



పోస్టు కొంచెం పెద్దదే. ఆదివారం మీటింగ్‌కి వచ్చేవాళ్లు మాత్రం దయచేసి చివరిదాకా చదివి రండి.

గ్రూపు ఫండులో ఇప్పటిదాకా 41,000 జమైంది. ఉద్యోగాల్లో ఉన్న అన్నలు, అక్కలు తలా కొంత వేశారు. వాళ్లందరికీ పేరుపేరునా దండాలు. ఆ డబ్బుతో హాస్టల్ స్టడీ రూంలో పెట్టడానికి ఒక కొత్త ల్యాప్‌టాప్ కొందామని పోయిన వారం ఒక అన్న రాశారు. "ఇంకా ఎన్నాళ్లు పాత డబ్బాలతో తంటాలు పడతారు, మన పిల్లలు కూడా అందరిలాగే కొత్తవి వాడాలి" అన్నారు. కింద అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు. ఆ అన్న మీద మాకు గౌరవం ఉంది. మాలో ఇద్దరికి అడ్మిషన్ రోజున ఫారాలు నింపి పెట్టింది ఆయనే. అయినా సరే, ఈ మాట తప్పు. గౌరవం ఉంది కాబట్టే చాటున గొణుక్కోకుండా ఇక్కడే రాస్తున్నాం.

మేమంటే రూం నంబర్ 14లో ఉండే నలుగురం. నలుగురిదీ పాడేరు ఏజెన్సీయే. మా ఇళ్లల్లో డిగ్రీ మెట్టెక్కింది మేమే మొదలు. నలుగురికీ కలిపి ఒకటే ల్యాప్‌టాప్. చదువు అయిపోయి వెళ్లిపోతూ ఒక సీనియర్ ఇచ్చినది, అప్పటికే నాలుగేళ్లు వాడినది. కీబోర్డు మీద అక్షరాలు సగం చెరిగిపోయాయి, మూత మీద ఎవరో అతికించిన అల్లూరి బొమ్మ ఉంది. పని మాత్రం బాగానే చేస్తుంది. ప్లగ్గు పీకితే అరగంటకి చచ్చిపోయేది, అంతే.

అరగంట అంటే ఏమిటో పట్నంలో ఇల్లున్నవాళ్లకి చెప్పినా అర్థం కాదు. వాళ్లకి బ్యాటరీ పోతే గోడ పక్కన కూర్చుంటారు. మనకి సెలవుల్లో ఊరెళ్తే ఊళ్లో సిగ్నల్ ఉండదు. సిగ్నల్ కొండ మీద ఉంటుంది, కొండ మీద ప్లగ్గు ఉండదు. పోయిన ఎండాకాలం మాలో ఒకడు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు రిపోర్టు అప్‌లోడ్ చేయడానికి ల్యాప్‌టాప్ సంచిలో వేసుకుని కొండెక్కాడు. ఫైలు సగం ఎక్కింది, స్క్రీను నల్లబడింది. దిగొచ్చి ఛార్జింగ్ పెడదామంటే గాలివానకి కరెంటు పోయింది. రెండో రోజు సాయంత్రానికి గానీ రాలేదు. రిపోర్టు ఆలస్యమైందని మార్కులు కోశారు. అదంతా చూసి వాళ్లమ్మ, "ఏటిరా, మన పసుపంతా అమ్మినా రాని పెట్టె అంటావు, కొండెక్కితే పన్జేయదేటి?" అంది. వాడి దగ్గర సమాధానం లేదు. మాకిప్పుడు ఉంది. పోయింది పెట్టె కాదమ్మా, అందులో ఉన్న పావు కిలో బ్యాటరీ.

హాస్టల్‌కి వచ్చాక రిపేరు షాపుకి పట్టుకెళ్లాం. షాపాయన మూత కూడా తెరవలేదు. "పాత మోడలు బాబూ, బ్యాటరీ దొరకదు, మదర్‌బోర్డు కూడా పోయేలా ఉంది, దీని మీద పైసా పెట్టొద్దు" అన్నాడు. వెంటనే పక్క గ్లాసు బీరువాలోది చూపించి "జీరో డౌన్ పేమెంట్, ఆధార్ చాలు" అన్నాడు. ఆయన వ్యాపారం ఆయనది. కానీ తెరవకుండానే మదర్‌బోర్డు రోగం ఎలా కనిపెట్టాడో మాకు ఇప్పటికీ తెలీదు. మా ఊళ్లో గురువు కూడా నాడి పట్టుకునే చెప్తాడు.

తిరిగొచ్చి మేమే చూసుకున్నాం. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి బ్యాటరీ రిపోర్టు అడిగితే ఒక పేజీ తయారై వస్తుంది. అందులో రెండు అంకెలు చూడాలి. ఒకటి డిజైన్ కెపాసిటీ, అంటే కొత్తలో ఎంత పట్టేది. రెండోది ఫుల్ ఛార్జ్ కెపాసిటీ, అంటే ఇప్పుడు ఎంత పడుతోంది. మాది కొత్తలో 41,040, ఇప్పుడు 12,900. మూడో వంతు కూడా లేదు. ఇది రోగం కాదు, వయసు. లిథియం బ్యాటరీ ఏదైనా కొన్ని వందల సార్లు నిండి ఖాళీ అయ్యాక తగ్గిపోతూ వస్తుంది. ఎండకి, వేడికి ఇంకా తొందరగా పోతుంది. రాత్రంతా ప్లగ్గులో ఉంచి నూరు శాతం దగ్గరే నిలబెట్టినా పోతుంది. దుప్పటి మీద పెట్టి సినిమాలు చూస్తే మరీను (ఇది మా రూం మీద మేమే వేసుకుంటున్న నింద). సైకిల్ టైరు అరిగితే సైకిల్ పారేయం కదా.

బ్యాటరీ వెనక అట్ట మీద ఉన్న పార్ట్ నంబరు రాసుకుని ఇంకో షాపులో అడిగాం. 2,600కి దొరికింది, బిల్లు రాసి ఆరు నెలల వారంటీ ఇచ్చాడు. కంపెనీది కాదు, దానికి సరిపోయేది. బిగించాక మళ్లీ రిపోర్టు తీసి చూశాం, అంకెలు సరిగ్గానే ఉన్నాయి. ఇప్పుడు నాలుగు గంటలు వస్తోంది. దీపావళి సెలవులకి అదే కొండెక్కి, పని చూసుకుని, ఇంకా ఛార్జింగ్ మిగిలుంటే పాటలు విని దిగాం.

దాని తర్వాత మా హాస్టల్లో రూం రూంకీ తిరిగాం. మొత్తం 23 ల్యాప్‌టాప్‌లు ఉన్నాయి. అందులో 14 ప్లగ్గు పీకితే ఆగిపోతాయి. ఆ 14లో తొమ్మిదింటికి బ్యాటరీ తప్ప ఏ రోగమూ లేదు. రెండింటికి ఛార్జింగ్ పిన్ను దగ్గర వదులైంది. మూడు మాత్రం నిజంగానే కాలం చేశాయి. ఒక రూంలో ఎనిమిదిమంది ఉంటారు, గోడకి పనిచేసే ప్లగ్గు పాయింట్లు రెండు. రాత్రి పదింటికి ఆ రెండింటి కోసం జరిగే గొడవలు అందరికీ తెలిసినవే. లెక్క చూడండి. బ్యాటరీకి మూడేసి వేలు వేసుకున్నా తొమ్మిదింటికీ 27,000. ఇంకా 14,000 మిగులుతుంది. స్టడీ రూంలో తాళం వేసి పెట్టే ఒక్క కొత్త మెషీనుకి వార్డెన్ గారి దగ్గర తాళంచెవి, రిజిస్టర్లో సంతకం, గంటకొకరు చొప్పున వరస. ఎవరైనా దాన్ని ఊరికి తీసుకెళ్లగలరా? కొండెక్కించగలరా?

"పాతది వాడితే చిన్నతనం" అనే మాట మమ్మల్ని ఎక్కువ బాధపెట్టింది. క్లాసులో పక్కవాడు మన ల్యాప్‌టాప్ చూసి నవ్వుతాడు, నిజమే. మన పేర్లు చూసీ నవ్వాడు, మన యాస వినీ నవ్వాడు. అవి మార్చుకున్నామా? ఆ నవ్వుకి భయపడే మా పక్క రూం తమ్ముడు పోయిన ఏడాది నెలకి 3,400 చొప్పున ఈఎంఐ మీద కొత్తది తీసుకున్నాడు. స్కాలర్‌షిప్ ఖాతాలో పడిన రోజే కంతు కోసేసుకున్నారు. ఖాతాలో డబ్బు లేని నెలల్లో బ్యాంకు పెనాల్టీ వేరే, లోన్‌వాళ్ల పెనాల్టీ వేరే. చివరికి ఇంట్లో మిరియాలు పచ్చివుండగానే దళారికి ఒప్పుకుని అడ్వాన్సు తెచ్చారు. మన తాతల కాలంలో ఉప్పుకీ గుడ్డకీ అరువిచ్చి భూములు రాయించుకున్న సావుకార్ల కథలు వినే కదా పెరిగాం. 1/70 చట్టం ఊరికే రాలేదు. ఇప్పటివాళ్లు భూమి కాగితం అడగరు, ఓటీపీ అడుగుతారు. వేలిముద్ర మాత్రం అప్పుడూ ఇప్పుడూ మనదే.

ఇంకో మాట కూడా చెప్పాలి. ల్యాప్‌టాప్‌లో అల్యూమినియం ఉంటుంది, బ్యాటరీ లోపలి రేకులో కూడా ఉంటుంది. అది బాక్సైట్ నుంచి వస్తుంది. బాక్సైట్ ఎవరి కొండల్లో ఉందో ఈ గ్రూపులో ఎవరికీ చెప్పక్కర్లేదు. షెడ్యూల్డ్ ఏరియాలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకి గనులకి ఇవ్వకూడదని 1997లో సుప్రీంకోర్టు సమతా తీర్పులో చెప్పింది, మన అనంతగిరి మండలం కేసులోనే. లిథియం కోసం చిలీలో అటకామా ఎడారి ఆదివాసీల నీళ్లు ఎండుతున్నాయి. జూలైలో ఆ తీర్పు గురించి పోస్టర్లు వేసి, ఆగస్టు 9న ర్యాలీ తీసి, మర్నాడు పనిచేసే మెషీన్ని చెత్తలో వేయడం మాకు నప్పలేదు. కొత్త బ్యాటరీలోనూ ఎవరి కొండో ఉంటుంది, కాదనం. కానీ అది పావు కిలో. కొత్త ల్యాప్‌టాప్ దాదాపు రెండు కిలోలు.

అన్నీ బాగుచేయొచ్చని మేం అనట్లేదు. ర్యామ్ నాలుగు జీబీయే ఉండి, అది బోర్డుకే అతికించేసి ఉంటే దాని మీద డబ్బు పెట్టొద్దు. స్క్రీను, కీళ్లు, బోర్డు మూడూ పోయుంటే వదిలేయండి. ఇంజినీరింగ్‌లో బరువైన డిజైన్ సాఫ్ట్‌వేర్లు వాడే చెల్లెళ్లకి, తమ్ముళ్లకి కొత్తది నిజంగానే అవసరం కావచ్చు, వాళ్ల కోసం వేరే ఫండు పెడితే మేమూ వేస్తాం. "విండోస్ 10కి సపోర్టు అయిపోయింది కదా" అని కొందరు అడిగారు. అవును, 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. ఇంటెల్ ప్రాసెసర్ ఎనిమిదో తరంది, ఆ పైది అయితే మామూలుగా విండోస్ 11 ఎక్కుతుంది. అంతకంటే పాతదైతే లినక్స్ మింట్ ఉచితం. మా పక్క రూంవాళ్లు అదే వేసుకున్నారు, మొదటి వారం తిట్టుకున్నారు, ఇప్పుడు మాట్లాడట్లేదు.

ఒక్కటి మాత్రం జాగ్రత్త. టచ్‌ప్యాడ్ పైకి లేచినా, మూత సరిగ్గా పడకపోయినా బ్యాటరీ ఉబ్బిందని అర్థం. దాన్ని వాడొద్దు, ఛార్జింగ్ పెట్టొద్దు, పొడిచి చూడొద్దు. హాస్టల్ వెనక చెత్త తగలబెట్టే గుంటలో అస్సలు వేయొద్దు. మేం తిరిగిన తొమ్మిదింట్లో ఒకటి అలాంటిదే, దాని మీద మన తమ్ముడు రోజూ అసైన్‌మెంట్లు రాస్తున్నాడు. మొదటి బ్యాటరీ వాడికే కొనాలి.

కాబట్టి ఆదివారం మేం అడగబోయేది ఇది. కొత్త ల్యాప్‌టాప్ తీర్మానం ఆపండి. 27,000 బ్యాటరీలకి ఇవ్వండి, ప్రతి బిల్లూ ఫొటో తీసి ఇక్కడే పెడతాం. మిగిలిన 14,000లో ఆ రెండు ఛార్జింగ్ పిన్నులు బాగుచేయించి, ఒక మంచి స్క్రూడ్రైవర్ సెట్టు కొని, మిగతాది వచ్చే ఏడాది వచ్చే పిల్లల కోసం అట్టే పెడదాం. రూంకి రెండే ప్లగ్గులెందుకున్నాయని ఐటీడీఏకి రాసే అర్జీ మీద కూడా అదే రోజు సంతకాలు పెడదాం, కాగితం మేం రాసి తెస్తాం.

కొత్తదే కొనాలన్న అన్న కూడా తప్పకుండా రావాలి. ఎదురుగా వాదించుకుందాం. పదింటికి స్టడీ రూంకి వచ్చేటప్పుడు పాత ల్యాప్‌టాప్‌లు ఛార్జర్లతో సహా తెచ్చుకోండి, అక్కడే రిపోర్టు తీసి చూపిస్తాం. ఎక్స్‌టెన్షన్ బోర్డు ఉన్నవాళ్లు అది కూడా తెండి. అక్కడ ప్లగ్గు పాయింటు ఒక్కటే ఉంది.

– రూం 14