శిక్ష పడదన్న ధీమా

నేరం ఎందుకు చేస్తారంటే ఆకలి, తాగుడు, చదువు లేకపోవడం అంటారు.

మరి చుండూరు? 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని పట్టపగలు నరికిన వాళ్లకి ఏం తక్కువైంది? భూమి ఉంది, పలుకుబడి ఉంది. వాటికి తోడు ఒక ధీమా ఉంది: వీళ్లని చంపితే మనల్నెవడేం చేస్తాడు?

2007లో ఆ ఊళ్లోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ నిర్దోషులంది. మరి ఆ ఎనిమిది మందిని ఎవరు చంపినట్టు?

అప్పటి ఆ గుంటూరు జిల్లాలోనే స్టూవర్టుపురం ఉంది. అక్కడి ఎరుకల బిడ్డల్ని బ్రిటిష్ చట్టం ఏ తప్పూ చేయకముందే, పుట్టుకతోనే నేరస్తులంది.

నేరస్తుడి బుర్ర కులానికో రకంగా ఉండదు. చట్టమే కులాన్ని బట్టి కళ్లు తెరుస్తుంది, మూస్తుంది. ఆ సంగతి చంపేవాడికి ముందే తెలుసు.

జై భీమ్.