తీసికొనుట, పుచ్చుకొనుట

ఆంగ్లమున ‘టేక్’ అను క్రియ నెరుగని విద్యార్థి మన పాఠశాలలలో అరుదు. అర్థమడిగినచో ‘తీసికొనుట’ అని తడుముకొనక చెప్పును. ఆ సమాధానము తప్పు కాదు. కాని దానితోనే పని తీరినదనుకొనుట వలన అనువాద పాఠములందు వింత తెలుగు పుట్టుచున్నది. ‘అతడు స్నానము తీసికొనెను’, ‘ప్రయాణము రెండు గంటలు తీసికొనెను’ వంటి వాక్యములను దిద్దని ఉపాధ్యాయుడుండడు.

ఈ వాక్యములలో వ్యాకరణదోషము లేదు. కర్త, కర్మ, క్రియ తమ తమ స్థానములందే ఉన్నవి. ముఖ్యార్థమునకును లక్ష్యార్థమునకును గల భేదమును గుర్తింపకపోవుటయే దోషము. ఈ భేదమును మన ఆలంకారికులు ఏనాడో విడమరచి చెప్పిరి. 11వ శతాబ్దివాడైన మమ్మటుడు కావ్యప్రకాశమున లక్షణకు మూడు నియమములు చూపెను: ముఖ్యార్థము పొసగకుండుట, క్రొత్త అర్థమునకు దానితో సంబంధముండుట, రూఢియో ప్రయోజనమో కారణమగుట. ‘టేక్’ ను ఈ మూటితో పరీక్షింతము. పుస్తకమును చేతితో తీసికొందుము, అది ముఖ్యార్థము. చేతికందని కాలమును, జాలిని తీసికొనుట యెట్లు? అచట ముఖ్యార్థము పొసగదు; గ్రహించుట అను సంబంధము మాత్రము లీలగా మిగులును. తక్కిన పని రూఢి చేయును. అయితే ఆ రూఢి ఆంగ్లేయులది, మనది కాదు. ఒక భాషలోని రూఢి నిఘంటువు వెంట మరియొక భాషలోనికి నడచి రాదు.

మన రూఢి ఎట్టిదో చూడుడు. ప్రయాణమునకు రెండు గంటలు పట్టును. స్నానము చేయుదుము. ఫొటో తీయుదుము. మాత్ర వేసికొందుము. దీనుని చూచి జాలిపడుదుము. పరుషపు మాటకు నొచ్చుకొందుము. ఒకరి పక్షము వహింతుము. ఆంగ్లమున ఒక్క క్రియ మోయు బరువును తెలుగున పెక్కు క్రియలు పంచుకొనుచున్నవి. పెద్దలయొద్ద సెలవు పుచ్చుకొనునపుడును, కుమారుడు తండ్రి గుణములను పుణికిపుచ్చుకొనునపుడును మాత్రము ఇరువురి ఊహలును కలిసినవి. ఆ రెండు చోట్లను ఆంగ్లేయులు ‘టేక్’ నే వాడుదురు.

ఇంతకును ‘టేక్’ ఆంగ్లేయుల ప్రాచీనక్రియ కాదు. ప్రాచీనాంగ్లమున ఈ అర్థమున ‘నిమన్’ అను క్రియ ఉండెను. వైకింగుల వెంట స్కాండినేవియా నుండి వచ్చిన క్రియ క్రమముగా దానిని త్రోసివైచెను. ‘నిమన్’ జాడ నేడు ‘నమ్’ అను విశేషణమున మిగిలినది. పట్టబడినదని దాని తొలి అర్థము. స్పర్శ తెలియనిదని నేటి అర్థము. మనమును కాలికి తిమ్మిరి ‘పట్టినది’ అందుము గదా!

ఈ చరిత్ర రెండు సంగతులను నేర్పుచున్నది. అన్యభాషాప్రయోగము చేరినంతనే భాష చెడదు. ‘చర్య తీసికొనుట’, ‘నిర్ణయము తీసికొనుట’ మన వాడుకలో కుదురుకొన్నవి. వానిని వెడలగొట్ట నక్కరలేదు. అయినను నిత్యవ్యవహారమందలి క్రియ కూడ అంతరింపగలదనుటకు ‘నిమన్’ సాక్ష్యము. ప్రతి చోటను ‘తీసికొనుట’ యే దిగినచో, నొచ్చుకొనుట, విశ్రమించుట, పుణికిపుచ్చుకొనుట పిల్లల నోట ఆడకుండును. నోట నాడని మాట తరువాతి తరమునకు నిఘంటువునందే దొరకును.

దీనికి వలసినది క్రొత్త పాఠ్యగ్రంథము కాదు. ప్రశ్న మారిన చాలును. ‘టేక్ అనగా నేమి?’ అని అడుగుటకు మారుగా, ఒక వాక్యము నిచ్చి ‘ఈ సంగతిని మీ అమ్మమ్మ యెట్లు చెప్పును?’ అని ఉపాధ్యాయు లడుగవలెను. మక్కికి మక్కిగా అనువదించిన వానికంటె, భావమెరిగి తెలుగు క్రియను వాడిన వానికి ఎక్కువ మార్కు లీయవలెను. మార్కులు ఎటు మ్రొగ్గునో విద్యార్థి భాషయు అటే మ్రొగ్గును.