గాడ్జిల్లా క్రొత్త అవతారము: దోషమెవరిది?

2014వ సంవత్సరమున అమెరికావారు గాడ్జిల్లా కథను మరల మొదటినుండి చెప్పిరి. ఆ చిత్రమును మెచ్చువారును, తిట్టువారును నేటికిని ఒకే విషయముపై వాదించుకొనుచుందురు. రెండు గంటల చిత్రములో ఆ మహామృగము కనబడునది పది నిమిషములేనని ఒకరందురు. అంత పొదుపుగా చూపుటయే సొగసని వేరొకరందురు. ఈ తగవు వ్యర్థము. 1954 నాటి తొలి జపాను చిత్రములోను అది తెరపై నిలిచినది కొద్దిసేపే. ఆ చిత్రమును ప్రేమించినవారు జగడమాడవలసిన చోటు వేరొకటి కలదు.

అది బాంబును గూర్చిన సంగతి.

తొలి చిత్రమేల పుట్టినదో మన యిండ్లలోని యువకులలో ననేకులెరుగరు. 1954 మార్చి 1వ తేదీన పసిఫిక్ మహాసముద్రమునందలి బికినీ పగడపు దీవులలో అమెరికా ప్రభుత్వము ఒక హైడ్రజన్ బాంబును ప్రేల్చి చూచెను. దాని బలము 15 మెగాటన్నులు. శాస్త్రజ్ఞులు ముందుగా వేసికొన్న లెక్కకు రెండింతలు దాటినది. జపాను చేపల పడవ యొకటి, ఫుకుర్యూ మారు అను పేరుగలది, అపాయ స్థలమని ప్రకటించిన హద్దునకు వెలుపలనే యుండెను. అయినను దానిలోని 23 మంది జాలరులపై తెల్లని బూడిద వానవలె కురిసెను. వారిలో రేడియో పని చూచుచుండిన ఆయికిచి కుబొయామా సెప్టెంబరు 23న కన్నుమూసెను. నవంబరు 3న ‘గొజీరా’ చిత్రము విడుదలయ్యెను. ఆ చిత్రము తొలి ఘట్టములోనే ఒక ఓడ సముద్రముపై కన్నులు మిరుమిట్లు గొలుపు కాంతిలో కాలి మునిగిపోవును. దానిని చూచిన జపానువారికి ఎవరును వ్యాఖ్యానము చెప్పనక్కర లేకపోయెను.

దర్శకుడు ఇషిరో హోండా సైనికుడుగా పనిచేసి స్వదేశమునకు తిరిగి వచ్చుచు హిరోషిమా శిథిలములను కన్నులార చూచినవాడు. అందువలననే ఆ చిత్రములో నగరదహనముకంటె, మరునాటి ఆసుపత్రి మనలను ఎక్కువగా బాధించును. పసిబిడ్డ యొంటివద్ద రేడియోధార్మికతను కొలుచు పరికరము టకటక మనును. వైద్యుడు మాటలాడక తల యాడించును. మృగమును చంపగల మందును కనుగొన్న సెరిజావా అను శాస్త్రజ్ఞుడు, ఆ రహస్యము పాలకుల చేతికి చిక్కిన మరియొక బాంబగునని భయపడి, తన కాగితములన్నియు కాల్చివేసి, సముద్రగర్భమున తానును ఆ మృగముతో కూడ ప్రాణము విడుచును. రబ్బరు తొడుగు వేసికొని నటించిన హరువో నకజిమాను, బొమ్మల నగరమును కట్టిన ఐజీ త్సుబురాయాను నేడు చూచి నవ్వువారున్నారు. నవ్వనిండు. ఆ ఆసుపత్రి ఘట్టమున నవ్వినవారిని నేను చూడలేదు.

ఇక 2014 నాటి చిత్రము. దర్శకుడు గారెత్ ఎడ్వర్డ్స్ అసమర్థుడు కాడు, అట్లనుట అన్యాయము. నగరమున కరెంటు పోయిన చీకటిలో ఎర్రని వెలుగుబాణములు పైకెగయగా, ఆ వెలుగున ఆ శరీరపు పార్శ్వము మెల్లమెల్లగా మన కందుట గొప్ప కల్పన. మేఘములలోనుండి సైనికులు దూకు ఘట్టమును, తోకనుండి వీపుమీదుగా నీలికాంతి ప్రాకి నోట నిప్పుగా వెలువడుటను చూచి, ఈ వయసున కూడ నేను కుర్చీ అంచున కూర్చుంటిని. తొలినాటి 50 మీటర్ల మృగమిందు 108 మీటర్లకు పెరిగినది; ఆ బరువు ప్రతి అడుగునందును తెలియును. ఇది అభిమానియొక్క చేయి అని నేను ఒప్పుకొందును.

కాని ఆ చిత్రము చెప్పునదేమి? 1954లో ఆ మృగము మేల్కొన్నదట. పసిఫిక్‌లో ప్రేల్చిన బాంబులు నిజముగా పరీక్షలు కావట. లోకమును కాపాడుటకై ఆ మృగమును చంపజూచిన ప్రయత్నములట! ఈ మాటను సెరిజావా అనియే పేరు పెట్టిన జపాను శాస్త్రజ్ఞుని సమక్షముననే, అతని బృందమువారిచేతనే చెప్పించిరి. తొలి చిత్రమున బాంబు నేరము. ఇచట బాంబు ఆత్మరక్షణము. బూడిద పడిన జాలరులు కథలోనుండి మాయమైరి. ఆ కొయ్యపడవ మాత్రము నేటికిని టోక్యోలో ఒక ప్రదర్శనశాలయందు భద్రముగ నున్నది.

ఆ చిత్రముననే సెరిజావా తన తండ్రి గడియారమును ఒక నౌకాసేనానికి చూపును. అది హిరోషిమాపై బాంబు పడిన 8 గంటల 15 నిమిషములవద్ద ఆగిపోయినది. ఒక్క క్షణము పాటు పాత చిత్రపు ఆత్మ తెరపైకి వచ్చినది. పిమ్మట ఏమైనది? మెగాటన్నుల బాంబొకటి శాన్‌ఫ్రాన్సిస్కో తీరమునకు ఆవల ప్రేలును. మరునాడు ఎండ కాయును. ఎవరికిని ఒక పొక్కైన లేవదు. గడియారము చూపినవారు ఆసుపత్రిని చూపలేకపోయిరి.

ఇది మొదటిసారి యనుకొనవలదు. 1956లో ‘గొజీరా’ను అమెరికాలో ప్రదర్శించినపుడు 96 నిమిషముల చిత్రమును 80 నిమిషములకు కుదించి, రేమండ్ బర్ అను నటుని విలేఖరిగా చొప్పించి, అణుబాంబు ప్రసక్తులను చాలవరకు తగ్గించిరి. 1998 నాటి అమెరికా చిత్రమున దోషమంతయు పాలినీషియాలో పరీక్షలు చేసిన ఫ్రెంచివారి నెత్తిన పెట్టిరి. మూడు సారులు చెప్పిరి. మూడు సారులును ఒకే చేయి కడుగబడినది. 2019లో వచ్చిన రెండవ భాగమున ఇది పరాకాష్ఠ నందినది. సెరిజావా కాగితములు కాల్చి దాచిన ఆ మారణౌషధము ఇందు అమెరికా సైన్యపు క్షిపణియైనది. క్రొత్త సెరిజావాయో, అణుబాంబును స్వహస్తములతో మోసికొనిపోయి, మృగమును బ్రదికించుటకై దానిని ప్రేల్చి ప్రాణమిచ్చును. పేరును మాత్రము నిలిపి, ప్రాణమును తలక్రిందులు చేయుట దీనికంటె బాగుగ సాధ్యము కాదు.

కథ ఊరు మారిన మారక తప్పునా యని కొందరడుగుదురు. తరతరములుగా పరరాష్ట్రములలో స్థిరపడిన మనలనా ఈ ప్రశ్న అడుగుట! తంజావూరు సీమయందలి మేలట్టూరులో నరసింహ జయంతి దినములలో భాగవతమేళావారు మేలట్టూరు వేంకటరామశాస్త్రి తెలుగున రచించిన ప్రహ్లాద చరిత్రమును ఆడుదురు. చుట్టును తమిళదేశము, ఆడువారు ఇంట తమిళము మాటలాడుదురు. నరసింహుని ముఖమును ధరించు నటుడు ఉపవాసముండి దానిని ధరించును. ఉచ్చారణ మారియుండవచ్చును, దీపములకు బదులు విద్యుద్దీపములు వచ్చియుండవచ్చును. కాని హిరణ్యకశిపుడు నిర్దోషియనియు, కొడుకును లోకరక్షణార్థమే హింసించెననియు అచట ఎవరైన పాడుదురా? ఆ యపరాధమును తీసివేసిన పిమ్మట స్తంభము పగులుట దేనికి?

జపానువారు మాత్రము గాడ్జిల్లాను మార్చలేదా యను మాట నిజమే. 1964 నాటికే అతడు మూడుతలల శత్రువుతో పోరాడు సాయగాడైనాడు. 1970 తరువాతి చిత్రములు కొన్ని పిల్లల ఆటలే. వానిలో కొన్ని నాకును ఇష్టమే, దాచను. ఆ చిత్రములు అల్లరి చేసినవి గాని, బికినీలో జరిగినదానికి క్రొత్త సాక్ష్యము చెప్పలేదు. జీవితమంతయు రిజిస్టర్లు వ్రాసిన నాకు ఈ తేడా స్పష్టముగ కనబడును. ప్రక్కన బొమ్మలు గీసినవానిని మందలించి విడువవచ్చును. పాత పద్దును గీకివేసి, దానిపై వేరు అంకె వేసినవానిని విడువరాదు.

వినోదమునకు వచ్చి చరిత్ర వెదకనేల యను పెద్దలకు ఒక్క మాట. చరిత్ర మేము తేలేదు. 1954 అను సంవత్సరమును తెరపై వేసినది ఆ చిత్రమే. ఏ సంవత్సరమును చెప్పక, సముద్రమున నొక మృగము పుట్టెనని చెప్పియుండిన, నేను ఆ నీలినిప్పును చూచి చప్పట్లు కొట్టి ఇంటికి పోయియుందును.

2023లో తకాషి యమజాకి తీసిన ‘గాడ్జిల్లా మైనస్ వన్’ వచ్చినది. అమెరికా చిత్రమునకు 16 కోట్ల డాలర్లు వ్యయమైనవి. దీనికైనది అందులో పదవ వంతుకు అటునిటుగా. మరుసటి యేట దృశ్యకల్పనలకు ఆస్కారు బహుమానము పొందినది. ఇందు కథ యుద్ధాంతకాలమునకు పోయి, 1946లో బికినీలో జరిగిన బాంబు పరీక్షలవలననే మృగము భయంకరముగ పెరిగినదని నేరుగా చూపును. మృగము మరల 50 మీటర్లే. దాని నోటినుండి వెలువడిన నిప్పు నగరమును తాకినపుడు పైకి లేచునది పుట్టగొడుగు మేఘము. ఆ వెనుక నల్లని వాన. ఇందులో కన్నీటి ఘట్టములు రెండు మూడు అధికమే. జపాను సైన్యము ఇతర దేశములలో చేసినదాని ఊసును లేదు. ఆ లోపమును గూర్చి కొరియావారు, చైనావారు అడుగవలసినది అడుగుదురు. కాని ఆ నల్లని వాన క్రింద నిలిచి కేకవేయు యువకుని చూచినపుడు, అది దేనివలన కురియుచున్నదో ఆ చిత్రము దాచలేదు.